కొత్త ట్రిగ్గర్‌లో తుప్పు

"ఇదిగో చూడు, తుప్పు!"

షాపు యజమాని మైస్టర్ క్రామర్ భూతద్దాన్ని శరత్ చేతిలో పెట్టాడు. బల్ల మీద వేటతుపాకీ విప్పి ఉంది. కొత్త ట్రిగ్గర్ సందుల్లో నూనెతో కలిసి ముద్దకట్టిన ఎర్రటి మరక.

శరత్ ఒక్కసారి చూసి భూతద్దాన్ని బల్ల మీద పెట్టేశాడు.

జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో ఎం.ఎస్. చదువుతూ ఈ తుపాకుల షాపులో పార్ట్‌టైమ్ చేస్తున్నాడతను. వాళ్లింట్లో డిగ్రీ మొహం చూసినవాడు అతనొక్కడే. ఆర్నెల్లు ఊడ్చి, తుడిచి, నూనె రాశాక మైస్టర్ మొదటిసారి అసలు పని చేతికిచ్చింది ఈ తుపాకీతోనే. ఫ్యాక్టరీ ట్రిగ్గర్ మరీ బిగువు, నొక్కేలోపు గురి తప్పుతోంది, తేలికది వేయండని హెర్ ఫోగెల్ అనే వేటగాడు తెచ్చిచ్చాడు. మైస్టర్ పక్కనే నిలబడి చూస్తుండగా శరత్ పాతది తీసి కొత్తది బిగించాడు. వెంట్రుకవాసి తేడా లేదని మైస్టర్ భుజం తట్టాడు.

నిన్న ముప్పై మీటర్ల దూరంలో అడవిపంది నిలబడితే ఆ ట్రిగ్గర్ కదల్లేదు.

"పారిపోయినా బాగుండేది. నా మీద జాలిపడి నడుచుకుంటూ వెళ్లింది!" అన్నాడు ఫోగెల్, మీసాలు అదురుతుండగా. "మావాళ్లు ఇంకా నవ్వుతూనే ఉన్నారు."

ట్రిగ్గర్ కంపెనీ నుంచి వచ్చినావిడ పెదవి విరిచింది. "మా సరుకు తుప్పు పట్టదు. మీ షాపులోనే ఏదో జరిగుంటుంది."

"నా షాపులోనా?" మైస్టర్ మొహం కందగడ్డయింది. "ఈ కుర్రాడు చేతులు కడుక్కోకుండా స్క్రూ కూడా ముట్టడు!"

"అయితే రాసివ్వండి. ఇందులోకి బయటి పదార్థమేదీ పోలేదని బిగించినతను సంతకం పెడితే, తప్పు మాదే. ఆ బ్యాచ్ మొత్తం వెనక్కి రప్పిస్తాం."

మైస్టర్ అక్కడికక్కడే రాసేశాడు. దాని పక్కనే ఇంకో కాగితం పెట్టాడు. శరత్ కొత్త కాంట్రాక్ట్. ఎల్లుండే వీసా ఆఫీసులో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్. ఆ కాగితం లేకపోతే పొడిగింపు లేదు. పొడిగింపు లేకపోతే చదువు సగంలోనే ఆగిపోతుంది.

"రెండింటి మీదా సంతకం పెట్టు. కాఫీ తాగుదాం."

నీళ్లు తాగొస్తానని శరత్ పక్కగదిలోకి వెళ్లి క్లాస్‌మేట్ రుచితకి ఫోన్ చేశాడు.

"నీ తప్పు లేదని మీ మైస్టరే అంటుంటే నీకెందుకురా ఏడుపు?" అంది రుచిత అంతా విని. "సంతకానికి కూడా ముహూర్తం చూస్తావా? పెట్టేసి రా. కుక్కర్ పెట్టేశా."

"అది కాదే..."

"ఏది కాదు? ఎల్లుండి టెర్మిన్ నీదా, నాదా?"

ఫోన్ పెట్టేసింది.

తిరిగొచ్చేసరికి షాపు ఇరుకైపోయినట్టుంది. దొంగలు లోపలికి రాకుండా కిటికీలకు వేసిన ఇనుప కడ్డీలు, ఇవాళ తను బయటికి పోకుండా వేసినట్టున్నాయి.

మైస్టర్ తన సొంత పెన్ను మూత తీసి అందించాడు. "భయపడకు. నీ పనికి నేను పూచీ."

ఆ మాటే పీక మీద కూర్చుంది.

శరత్ పెన్ను పట్టుకున్నాడు. కాగితం దాకా తెచ్చాడు. మళ్లీ బల్ల మీద పెట్టేశాడు.

"అది తుప్పు కాదు మైస్టర్," అన్నాడు, "నా చేత్తో చేసిన మొదటి పని కదా అని, దసరా నాడు ఆయుధపూజ చేసి నేను పెట్టిన కుంకుమ."