పాలడబ్బా మనిషి

కన్యకాపరమేశ్వరి గారితో కోడలికి ఒకటే ఇబ్బంది. ఆవిడ వంకాయలు కొన్నా కొంగు కప్పి తెస్తారు. ఎవరైనా చూస్తే కూర కుదరదట.

అలాంటావిడ కోడలి కడుపు దాచకుండా ఉంటారా?

పైగా అంతకుముందు రెండుసార్లు నిలవలేదు. ఐదో నెల వచ్చేదాకా మీనాకుమారి పుట్టింటికి కూడా కబురు వద్దన్నారు. ఇంట్లోవాళ్ళు కాక, తెలిసింది నర్సింగ్‌హోమ్‌లో మాత్రమే.

మూడో నెలలో పెనుగొండ బజారువీధిలో ఓ స్కూటరు ఆగింది.

“మీనాకుమారి గారిల్లు ఇదేనాండీ? తల్లి కాబోతున్నందుకు మా కంపెనీ తరఫున శుభాకాంక్షలు. పాలడబ్బా ఫ్రీ.”

వీధి వీధంతా అరుగుల మీదికొచ్చింది.

“మా కోడలికీ ఇలాగే తెచ్చాడు,” అంది ఎదురింటి అమ్మణ్ణి. “నర్సింగ్‌హోమ్‌లో మన పేర్లు కొనుక్కుంటున్నారు, బొంబాయి కంపెనీవాళ్ళు.”

మీనాకుమారి ఆ పూట అన్నం ముట్టలేదు.

“నా కడుపు వాళ్ళ సరుకా అత్తయ్యగారూ?”

కొన్నాళ్ళకి, మిట్టమధ్యాహ్నం, ఓ నడివయసు మనిషి గుమ్మంలో నిలబడింది. నేతచీర, చేతిలో సంచి, మొహమంతా చెమట.

“పాలడబ్బా కంపెనీ విషయం మాట్లాడాలండి,” అంది గొంతు తగ్గించి. “లోపలికి రావచ్చా?”

“డబ్బాలమ్మేవాళ్ళకి లోపలేం పనండి? మా ఇంట్లో ఎవరూ కడుపుతో లేరు.”

“అది కాదండి, కోడలుగారు ఒక్క మాట చెబితే...”

“లేరన్నానా.”

మీనాకుమారి ఏదో చెప్పబోతూ ముందుకొచ్చింది. అత్తగారు తలుపే వేసేశారు.

ఆ మనిషి ఎదురింటికెళ్ళింది. అంత గోలచేసిన అమ్మణ్ణి కూడా “మా ఇంట్లోనూ లేరండి” అని పంపేసింది.

వారం తర్వాత మామగారు జోగేశ్వరరావు గారు కొట్టు కట్టేసి రుసరుసలాడుతూ ఇంటికొచ్చారు.

“కంపెనీ మీద విచారణ మూసేశారుట. ప్లీడరుగారు చెప్పారు.”

“ఏం విచారణండీ?” అన్నారు భార్య.

“పేర్లు అమ్మినవాళ్ళనీ కొన్నవాళ్ళనీ పట్టుకుందామని ఏలూరు నుంచి ఆఫీసరొచ్చింది, డాక్టరమ్మ. ఒక్క ఇల్లు నోరు విప్పినా చాలుట. ఎవరూ కడుపుతోనే లేరన్నారుట. కంపెనీ ప్లీడరు నవ్వుకుంటూ పోయాడు.”

“ఆఫీసరైతే జీపులో రావాలిగా?” అన్నారావిడ నెమ్మదిగా.

“జీపు ఇంటిముందు ఆగితే ఆ ఇంటి సంగతి ఊరంతా తెలిసిపోతుందని, అమ్మవారి గుడి దగ్గరే వదిలేసి ఎండలో నడిచొచ్చిందట. ఎవరో మహాతల్లి మొహమ్మీదే తలుపేసిందట.”



“అది నేనేనండీ,” అని, కన్యకాపరమేశ్వరి గారు కోడలి వైపు తిరిగి అన్నారు, “తప్పు నాదేనమ్మా.”