ఆరో కొక్కెం

మీరు సైకిళ్లు తొక్కరు, ఉరి తీస్తారు. ఆదివారం కార్లు ఆపేసిన రోడ్డు మీద తొక్కడానికి సైకిలును కారెక్కించుకుని వెళ్లేది మీరే. ఫొటోలు దిగి, కోడి గంజి తాగి, మళ్లీ కార్లోనే ఇంటికొచ్చి దాన్ని గ్యారేజీ కప్పుకు తగిలించేదీ మీరే.

మా ఆయన గునాది కూడా మీ జట్టే. మన బెకాసి ఊళ్లో సైకిలు బాట కోసం పోరాడే మీ సంఘానికి అధ్యక్షులు. నెత్తి మీద ఐదు సైకిళ్లు వేలాడుతుంటే వాటి కింద నిలబడి ‘రోడ్డు అందరిదీ’ అని ఉపన్యాసం దంచుతారు.

నిన్న ఆరో కొక్కెం బిగించారు. నేను రోజూ తొక్కే బుట్ట సైకిలును దానికి తగిలించారు.

"చూడు లెస్తారీ, గ్యారేజీ ఎంత నీటుగా ఉందో."

"నాకు అందదు కదా, మస్." ఆయన్ని అలాగే పిలుస్తాను.

"నేను లేనూ? ఒక్క మాట అడిగితే దించనూ?"

పొద్దున అడిగాను.

"ఎక్కడికి?"

"ఊరికే."

"ఊరికే ఎండలో ఎందుకు? సాయంత్రం కార్లో తిప్పుతాలే."

ఇవాళ మీ సంఘం సమావేశం మా గ్యారేజీలోనే. ప్రభుత్వానికి పంపే డిమాండ్లు చదవమని నన్నే నిలబెట్టారు. అక్కడికి పంపేముందు మీకు చదువుతున్నాను.

రోడ్డు అందరిదీ కావాలి. అది మా గ్యారేజీ గుమ్మం నుంచి మొదలవ్వాలి.

ఆరో కొక్కెం ఊడదీయాలి.

నా సైకిలు నేల మీద ఉండాలి.

ఎక్కడికని నన్ను అడగకూడదు.