నా కళ్ళజోడులో మూడు సినిమాలు

ఇప్పుడు కళ్ళజోడు ఎవరిదైతే వాళ్ళ మనసునుబట్టి సినిమా అందులోనే తయారవుతోంది కనుక, ఎవరి సినిమా వాళ్ళకు అద్భుతమే. పత్రికలో సమీక్షలు రాసే మావారు అన్నిటినీ మెచ్చుకుంటూ పోతుంటే, ఈసారైనా ఒక్క లోపం చూపకపోతే ఆయన శీర్షిక ఎత్తేస్తానన్నాడు ఎడిటర్.

"నీ కళ్ళజోడు ఇలా ఇవ్వవే, విశాలా" అని అడిగి తీసుకుని, ఈ వారం కొత్త సినిమాలు మూడూ చూసి వంటింట్లోకి వచ్చారు.

"దెయ్యం కథ, ప్రేమకథ, భక్తి చిత్రం... మూడింట్లోనూ హీరోయిన్ కూర్చుని వేడివేడి కాఫీ తాగుతుందేమిటే? లోపల్నుంచి ఎవడో ఒకటే పిలుస్తుంటే లేవదేం?"

"గొంతు గుర్తుపట్టలేదూ?" అన్నాను బీరకాయ చెక్కు తీస్తూ.

ఆయన వెళ్ళి రాసుకున్నారు.

మర్నాడు శీర్షిక యథాప్రకారం వచ్చింది: "మూడు చిత్రాలూ బాగున్నాయి. భర్త పాత్ర మాత్రం పేలవం."