తెర మీద అత్తగారు

ఇంకా సగం దారి ఉందనగానే గ్లైడర్‌లోని కంప్యూటర్ మీద అంకె ఎర్రబడింది.

ఈ ఎత్తుతో తిరిగి ఫ్లయింగ్ క్లబ్బు మైదానం అందదట. కంప్యూటర్‌కి మొహమాటం ఉండదు. ఎదురుగాలి లెక్క ఎక్కించడం నడుపుతున్న అమ్మాయే మరిచిపోయింది, దాన్నేం అనగలదు?

గ్లైడర్ అంటే ఇంజను లేని విమానం. ఒంటరిగా ఇంత దూరం రావడం ఇదే మొదలు. గ్లైడర్‌కి చిన్న గీత పడినా మళ్లీ ఒంటరిగా ఎగరనివ్వనని నేర్పే మాస్టారు ముందే చెప్పారు. అంటే వెనక సీట్లో మళ్లీ ఆయనా, ఆయన సణుగుడూ.

పైకి లేపే వేడిగాలి కోసం చుట్లు తిరిగింది. దొరకలేదు.

అందే దూరంలో దిగడానికి ఒకే ఒక్క చోటు తెర మీద పచ్చగా వెలిగింది. దాని పేరు 'అత్తగారు'.

ఆ పేరు ఎక్కించింది మాస్టారే. "తప్పనిసరైతేనే అక్కడ దిగు. దిగావా, అంత తేలిగ్గా వదలదు" అన్నారు. ఏ బురదో, ఏ రాళ్లో అనుకుంది.

ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దిగింది. చేను చాప పరిచినట్టుంది. ఒక్క గీత పడలేదు. పట్టలేని సంతోషంతో తనకి తనే చప్పట్లు కొట్టుకుంది.

గట్టు మీంచి ఒక పెద్దావిడ గబగబా వచ్చింది.

"నువ్వు దిగడం చూసి మేకల్ని అటు తోలేశాను. దెబ్బలేం తగల్లేదుగా? ముందు నీళ్లు తాగు."

"మీ చేను తొక్కేశానండీ."

"కోసేసిన చేనులో తొక్కడానికేముందమ్మా?"

"ఇంత మంచి చేనుకి మా మాస్టారు అత్తగారని పేరు పెట్టి హడలగొట్టారు. ఆయన అత్తగారు ఎంత గయ్యాళో పాపం."

పెద్దావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఇంకేమన్నాడు?"

"దిగితే వదలదన్నారు."

"అది నిజమే. కడుపు నిండా తినందే కదలనివ్వను."

ఫోను అందుకుని సాయంత్రానికి మాస్టారు గ్లైడర్‌ని తీసుకెళ్లే ట్రైలర్ తెచ్చారు. గ్లైడర్ చుట్టూ తిరిగి, రెక్కలు తడిమి, "రేపూ ఒక్కదానివే ఎగురు" అన్నారు. ఆ అమ్మాయి గంతేసింది.

ఆయన గొంతు తగ్గించారు. "ఆవిడతో ఏమైనా వాగావా?"

"అన్నీ చెప్పేశానండీ. పేరుతో సహా."

మాస్టారి మొహంలో కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు. పెద్దావిడ ఇక నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఇతగాడూ మొదటిసారి గాలి చాలక ఇక్కడే దిగాడమ్మా. మంచినీళ్లిచ్చి రమ్మని మా అమ్మాయిని పంపాను, మళ్లీ కోతలు వచ్చేలోగా అల్లుడై కూర్చున్నాడు."