సగం గడ్డంతో సంఘపెద్ద

"కదలకండి పెద్దయ్యా. చర్చి తాళంచెవి మీ కోటు జేబులోనే దొరికిందట కదా?"

సంఘపెద్ద గుటక మింగబోయి ఆగాడు. మింగితే దవడ మీదున్న సెలూన్ అతని కత్తి గీసుకుంటుంది. కుడి చెంప నున్నగా తేలింది, ఎడమ చెంప నిండా నురగే. లేచిపోదామంటే సగం గడ్డంతో బజారున పడాలి.

"నీకెవరు చెప్పారు?" అన్నాడు పెదవులు కదపకుండా.

"మీ ఇంట్లోవాళ్లు మా ఇంట్లోవాళ్లతో అన్నారు. బాధపడే అన్నారు లెండి." సెలూన్ అతను కత్తి తుడిచాడు. "చర్చి ఊడ్చే అవ్వని మీరు అందరి ముందూ కడిగేశారు, తాళంచెవి పారేసిందని. పాపం, అప్పట్నుంచి ఆవిడ గడప దాటి రావడం లేదు. దొరికాకైనా మీరు నోరు విప్పలేదు."

"దొరికింది కదా, మళ్లీ కెలకడం ఎందుకని..."

"తల ఎత్తండి."

కత్తి గొంతు మీదికి వచ్చింది.

వెనక బల్ల మీద వంతు కోసం కూర్చున్న పాస్టరుగారు పేపరు దించారు. "ప్రేమతో దిద్దేవాడు దొరకడం వరం పెద్దయ్యా, వినండి," అని మళ్లీ పేపరు ఎత్తారు.

పెద్దాయనకు ఒళ్లు మండింది. నిన్నగాక మొన్న పుట్టినవాడు తనకు బుద్ధి చెప్పడమా? అద్దంలో సెలూన్ అతని మొహం చూశాడు. వెక్కిరింత లేదు. కళ్లు చెమ్మగా ఉన్నాయి.

"మీరంటే నాకు గౌరవం. పదిమందీ మీ వెనక అనుకునే మాట, మీ ఎదట అనేవాడు ఒక్కడైనా ఉండొద్దా?"

పెద్దాయన చూపు దించుకున్నాడు.

"తప్పు నాదే. ఇటునుంచి ఇటే అవ్వ దగ్గరికి వెళ్తాను. ఆదివారం అందరి ముందూ ఒప్పుకుంటాను. ముందు ఆ రెండో చెంప కానివ్వు తమ్ముడూ."

రెండో చెంపా తేలింది. పెద్దాయన తేలికపడ్డ మనసుతో కోటు తొడుక్కుంటుంటే, సెలూన్ అతను గుడ్డ దులిపి కుర్చీ తిప్పాడు.

"రండి అయ్యగారూ. మీతో కూడా ఒక మాట చెప్పాలి."

పాస్టరుగారి చెయ్యి గడ్డం మీదికి పోయింది.

"నేను... ఈసారి పెంచుదామనుకుంటున్నానయ్యా," అంటూ పేపరు చంకన పెట్టుకుని, కుడి చెప్పు ఎడమ కాలికి తొడుక్కుని గబగబా మెట్లు దిగిపోయారు.

"పాపం, ఆయన చేసిన తప్పేమిటి?" అన్నాడు పెద్దాయన.

సెలూన్ అతను కత్తి పట్టుకుని అయోమయంగా వీధిలోకి చూశాడు.

"తప్పేముంది పెద్దయ్యా? మొన్నటి ప్రసంగం బాగుందని చెబుదామనుకున్నాను."