చోటు తెలియని రాళ్ళు

కుట్టుమిషన్ మానేసిన టైలరు చేయాల్సిన పనేనా ఇది? మా ఆయన పదకొండేళ్ళుగా వాగులూ గుట్టలూ పట్టి తిరిగి, రాళ్ళు మోసుకొచ్చి ఇల్లు నింపాడు. రాతిలో నత్తట, రాతిలో చేప ముల్లట! మంచం కింద చీపురు దూరదు. ఇంటికొచ్చినవాళ్ళకు మంచినీళ్ళకన్నా ముందు రాళ్ళు చూపిస్తాడు.

ఇవాళ మ్యూజియం నుంచి ఒకమ్మాయి వచ్చింది. అన్నీ ఉత్తపుణ్యానికి ఇచ్చేస్తానని ఈయనే ఉత్తరం రాశాడు. ఆ అమ్మాయి ఒక్కో రాయినీ భూతద్దంతో చూసింది.

"ఇవి శిలాజాలే, తాతగారూ. ఈ వైపు ఎవరూ వెతకనే లేదు. రాళ్ళ మీద తారీఖులు వేశారు సరే, ఏది ఎక్కడ దొరికింది?"

ఆయన తల గోక్కున్నాడు. "వాగులోనేనమ్మా. ఏదో ఒక వాగు."

"చోటు తెలియకపోతే మాకివి వట్టి రాళ్ళే. తీసుకోలేను."

"నెత్తిన కళ్ళజోడు పెట్టుకుని ఇల్లంతా వెతికే మనిషినా తల్లీ నువ్వడిగేది!" అన్నాను.

ఆయన చేప ముల్లున్న రాయిని చొక్కా అంచుతో తుడుస్తూ కూర్చున్నాడు.

నేను విసురుగా లోపలికి వెళ్ళి, పదకొండు పాత క్యాలెండర్లు తెచ్చి ఆ పిల్ల ముందు పడేశాను. గడి గడిలో కోడి కెలికినట్టు నా రాత: 'ఎర్రవాగు, వంతెన దిగువ, ఎడమ గట్టు.' గుమ్మానికి అడ్డం నిలబడి, ఎక్కడికో చెప్పందే ఈయన్ని ఏనాడూ కదలనివ్వలేదు.

ఆ అమ్మాయి చేప రాయి మీది తారీఖు చూసి, గడి వెతికి పట్టుకుంది. ముఖం వెలిగిపోయింది. "బామ్మగారూ, మీకూ ఈ రాళ్ళంటే ఇంతిష్టమా?"

"ఇష్టమా, నా మొహమా! ఈ మనిషి తిరిగి రాకపోతే ఎక్కడ వెతకాలో నాకు తెలియొద్దూ?"