తొమ్మిదో నంబరు మిషను

"నేను నీ చెల్లెల్ని చూడ్డానికి వెళ్ళడం లేదు. మిషన్ను చూడ్డానికి వెళుతున్నాను," అంది వదిన, జుట్టు మూడోసారి దువ్వుకుంటూ.

మొగుడు పేపరు దించలేదు. "మిషన్ను చూడ్డానికి ఇంత ముస్తాబా?"

"అది అక్కడ టీచరమ్మై కూర్చుంటే నేను పాచి మొహంతో పోవాలా?"

ఒక్క మొగుడికి తప్ప ఆ వీధిలో అందరికీ ఆమె వదినే. బూట్ల లేసుల ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్ళు తొమ్మిదో నంబరు మిషను మీద పనిచేసింది. తన పక్కన పనికి చేరిన ఆడపడుచు వదినా వదినా అని పిలుస్తుంటే ఆ పిలుపు షెడ్డంతా అంటుకుంది. తెగిన దారం ముడెయ్యడం దగ్గర్నుంచీ ఆడపడుచుకు పని నేర్పిందీ ఆమే. అందుకే ఇప్పుడు కడుపు అంతలా మండిపోతోంది.

ఫ్యాక్టరీ మూతపడి పదకొండేళ్ళయింది. మొన్న చలికాలంలో ఒక ఆఫీసరమ్మ వచ్చింది. పాడుబడ్డ ఫ్యాక్టరీలను కూలగొట్టనివ్వకుండా కాపాడి, చుట్టుపక్కల వాళ్ళకు మళ్ళీ పని పుట్టించడమే ఆమె ఉద్యోగం. అంతకు ముందు ఒక ఇటుకల బట్టీకీ, ఒక గాజు కార్ఖానాకూ ప్రాణం పోసి వచ్చిందట. "గోడలు నేను నిలబెడతాను. పని తెలిసిన చేతులు మాత్రం మీరే ఇవ్వాలి," అంది. వీధిలోని ఆడపిల్లలకు లేసులు అల్లడం నేర్పడానికి పాత మనిషి కావాలి. ఒక్కరే కావాలి.

వచ్చిందిగానీ, వీధి మొదట్లో ఉందని ఆడపడుచు ఇంటి తలుపే ముందుగా తట్టింది. జరిగిన ఘోరమల్లా అదే.

"అక్కడ అడిగాక నా దగ్గరికొచ్చారా? అయితే అక్కడే తీసుకోండి," అని వదిన తలుపు వేసేసింది. వేసిన మరుక్షణమే తీద్దామనుకుంది. చెయ్యి రాలేదు.

ఆడపడుచు పనిలో చేరి నెల రోజులైంది. నీలం కోటు వేసుకుని సాయంత్రం ఇంటికి పోతూ పోతూ వదిన కిటికీ దగ్గర ఆగకుండా పోయిన రోజు లేదు.

"వదినా, ఈ వేళ పిల్లలు నన్ను మేడమ్ అన్నారు!"

"అనక ఏం చేస్తారు, నోరుంది."

"ఆదివారం అందరి ముందూ తొమ్మిదో నంబరు తిప్పుతున్నా. రావా?"

తొమ్మిదో నంబరు! ఆ మాటకు వదినకు మూడు రాత్రులు నిద్ర లేదు. నా మిషన్ను ఇది తిప్పడమేమిటి? అది ఆగిపోవాలి, నలుగురిలో దీని మొహం మాడిపోవాలి అని కోరుకుంది. కోరుకున్నందుకు సిగ్గుపడింది. సిగ్గుపడుతూనే మళ్ళీ కోరుకుంది.

గుమ్మం పక్క కిటికీలో, చూడవచ్చేవాళ్ళకు టికెట్లు అమ్ముతున్నారు. షెడ్డు నిండా జనం. అద్దాలు తుడిచారు, గోడలకు సున్నం వేశారు. నూనె వాసన మాత్రం పాతదే. తాడు కట్టి జనాన్ని వెనక్కి నిలబెట్టారు. తాడు అవతల నీలం కోటులో ఆడపడుచు, ఆమె చుట్టూ పదిమంది ఆడపిల్లలు.

'ఆ కోటు నా ఒంటికే సరిపోయేది,' అనుకుంది వదిన.

తొమ్మిదో నంబరు గుండ్రటి బల్లలా ఉంటుంది. బల్ల చుట్టూ గూళ్ళు, గూళ్ళలో నిలబడి దారం కండెలు. స్విచ్ వేస్తే కండెలు ఒకదాన్నొకటి తప్పుకుంటూ పరుగెడతాయి, నడిమధ్యలో లేసు పుడుతుంది.

ఆడపడుచు స్విచ్ వేసింది. మిషను గుర్రుమంది, టకామని కొట్టుకుంది, ఆగిపోయింది.

మళ్ళీ వేసింది. ఈసారి నాలుగు దారాలు తెగాయి.

"అయ్యో, ఇదేమిటమ్మా!" ఆడపడుచు నుదురు తుడుచుకుంది. ఆఫీసరమ్మ మొహంలో నెత్తుటి చుక్క లేదు. పిల్లలు మూతులు మూసుకుని నవ్వుతున్నారు.

వదిన ప్రాణానికి చల్లటి నీళ్ళు తాగినట్టయింది. ఆ చల్లదనం రెండు నిమిషాలు కూడా నిలవలేదు. ఆడపడుచు చెయ్యి మూడోసారి స్విచ్ మీదికి పోయింది.

"ఆపవే! దాన్ని చంపేస్తావా ఏమిటి?"

తాడు కిందనుంచి దూరి, ఆడపడుచును పక్కకు నెట్టి, మిషను మీదికి వంగింది. ముప్ఫైరెండు గూళ్ళలోనూ ముప్ఫైరెండు కండెలు!

"ఓసి నీ మొహం! మొదటిరోజు పాఠం కదే ఇది!" ఒకటి విడిచి ఒకటిగా పదహారు కండెలు పీకి పడేసింది. "ఇలా రండే పిల్లలూ. ఒక గూడు నిండితే పక్క గూడు ఖాళీగా ఉండాలి. ఖాళీ లేకపోతే ఇవి ఎటు తప్పుకుంటాయి? ఇప్పుడు చూడండి."

తొమ్మిదో నంబరు గలగలమంది. తెల్లటి లేసు మెల్లగా పైకి లేచింది. పిల్లలు మిషను చుట్టూ మూగారు. తెగిన దారం ఎలా పట్టాలో, ఏ చప్పుడు వింటే ఆపాలో చెబుతూ వదిన గంటసేపు టైమే చూసుకోలేదు.

"అమ్మా, ఇప్పుడైనా కాదనకండి," అంది ఆఫీసరమ్మ.

ఆడపడుచు అప్పటికే కోటు విప్పుతోంది. "నా వల్ల కాదు వదినా, అన్నీ మర్చిపోయాను. నేను టికెట్ల కిటికీలో కూర్చుంటాలే."

"పోనీలేవే, అందరికీ చేతనవుతుందా ఏమిటి," అని వదిన చేతులు చాపి కోటు తొడుక్కుంది. గెలిచానని లోపల ఒకటే గంతులు.

జనం వెళ్ళిపోయాక మిషనుకు నూనె వేస్తున్న మెకానిక్ మీద పడింది. "ఏమయ్యా, గూళ్ళన్నీ నింపిన తెలివిగలవాడివి నువ్వేనా?"

"నేనెందుకు నింపుతానమ్మా? నెల రోజుల్నించీ ఒకటి విడిచి ఒకటే పెట్టి తిప్పుతున్నాం. నిన్న సాయంత్రం కూడా చక్కగా తిరిగింది."

"మరి ఎవరు పెట్టారు?"

మెకానిక్ టికెట్ల కిటికీ వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"ఈ పొద్దున మీ ఆడపడుచే పెట్టిందమ్మా."